పుండు నుంచి ఏం కారుతోందో డాక్టరుకు ఎలా చెప్పాలి

మా మామగారికి షుగరు. చెప్పు కరిచి బొటనవేలి పక్కన పుండు పడింది. ఫోనులో డాక్టరు "ఏం కారుతోంది?" అని అడిగితే, "ఏదో కారుతోందండీ" అన్నాను. "ఏదో అంటే?" అన్నారాయన. ఆ రోజు నుంచి కట్టు విప్పగానే పుండు కన్నా ముందు గాజుగుడ్డను చూస్తున్నాను.

మరక పల్చగా, తేటగా, కాస్త పసుపు తిరిగి ఉంటే అది రసి. డాక్టర్లు సీరస్ అంటారు. మొదటి రోజుల్లో కొంచెం కారడం మామూలే. రసిలో నెత్తురు కలిసి లేత గులాబీ రంగుకు వస్తే సీరోసాంగ్వినస్. చిక్కగా, పసుపుగానో ఆకుపచ్చగానో ఉంటే చీము, అంటే ప్యూరులెంట్. రసీ చీమూ కలిసి పల్చటి మజ్జిగలా మసకగా ఉంటే సీరోప్యూరులెంట్. కారేదాన్ని మొత్తంగా ఎక్సుడేట్ అనో డిశ్చార్జ్ అనో రాస్తారు. చీటీలో "డిశ్చార్జ్ ప్లస్ ప్లస్" అని చదివితే మా అత్తగారు ఇంటికి పంపించేస్తున్నారని సంబరపడ్డారు!

నేను బోల్తా పడింది స్లఫ్ దగ్గర. పుండు అడుగున పసుపు పొర కనిపిస్తే చీము అనుకుని రెండు రోజులు తుడిచాను. సెలైన్‌లో తడిపిన గాజుగుడ్డతో అద్దితే చీము ఊడొస్తుంది, స్లఫ్ అంటుకునే ఉంటుంది. అది చచ్చిన కండ. మనం గీకకూడదు, డాక్టరే తీయాలి. బెటాడిన్ మరక కూడా పాత నెత్తురులా మోసం చేస్తుంది. ఇక పసుపు అద్దితే అసలు రంగే తెలియదు, అది పుండుకూ మంచిది కాదు.

ఎంత కారిందో "బాగా" అని చెప్పకండి. "రాత్రి తొమ్మిదికి కట్టాను, పొద్దున ఆరుకల్లా రెండు గాజుగుడ్డలు దాటి బ్యాండేజీ తడిసింది" అనండి. వాసన ఉంటే అదీ చెప్పండి.

ఒక పొద్దున గాజుగుడ్డ అంచు నీలం కలిసిన ఆకుపచ్చగా ఉంది, అదో రకం తియ్యటి వాసన. సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా కావచ్చన్నారు డాక్టరు. కల్చర్‌కి, అంటే ఏ క్రిమో తేల్చే పరీక్షకి, పంపేముందు సిస్టర్ పుండును సెలైన్‌తో కడిగి, ఆ తర్వాతే దూదిపుల్లతో నమూనా (స్వాబ్) తీసింది. పైపై చీము తీస్తే పైన పడి ఉన్న క్రిములే కనిపిస్తాయట.

జ్వరం, నల్లబడటం, కుళ్లు వాసన, ఉన్నట్టుండి షుగరు పెరగడం, చుట్టూ ఎరుపు పాకడం కనిపిస్తే ఫోనుతో సరిపెట్టొద్దు. "నొప్పి లేదుగా" అనేవారు మామగారు. షుగరుకు తిమ్మిరెక్కిన కాలికి నొప్పి ఎక్కడ తెలుస్తుంది? ఎరుపు చుట్టూ పెన్నుతో గీత గీశాను. సాయంత్రానికి అది గీత దాటింది. ఆటో పిలిచాం.