డాన్స్ ఫిల్మ్ సొంతంగా తీయడం - 5వ పాఠం: స్లోమోషన్‌లో తాళం తప్పిన అడుగు

పోయిన పాఠం చదివి షూట్ చేసినవాళ్లలో ఎక్కువమందికి ఒకటే చిక్కు: స్లోమోషన్ షాట్‌లో అడుగులు పాటకు కలవలేదు. కాబట్టి లైటింగ్ వచ్చే పాఠానికి వాయిదా, ఇప్పుడు దీని సంగతి చూద్దాం.

షాట్ నెమ్మదిగా కనిపించాలి కదా అని సెట్‌లో పాటను కూడా నెమ్మది చేశారు. చెయ్యాల్సింది దానికి పూర్తిగా వ్యతిరేకం. సెకనుకు 48 ఫ్రేములు తీసి 24లో చూపిస్తే కదలిక సగం వేగానికి పడిపోతుంది. పడిపోయాక కూడా అడుగు అసలు పాట మీద కూర్చోవాలంటే, సెట్‌లో పాట రెట్టింపు వేగంతో మోగాలి. తీసే ఫ్రేములను చూపే ఫ్రేములతో భాగించండి, అదే పాట వేగం.

నిమిషానికి 120 బీట్ల పాట తీసుకోండి. బీటుకు అర సెకను, అంటే సెకనుకు 24 ఫ్రేముల ఎడిటింగ్ టైమ్‌లైన్‌లో 12 ఫ్రేములు. రెట్టింపు చేస్తే 240 బీట్లు, బీటుకు పావు సెకను. ఆ పావు సెకనులో 48 ఫ్రేముల కెమెరా తీసేదీ 12 ఫ్రేములే, అందుకే కలుస్తుంది. పాటను 60కి దింపితే బీటుకు 48 ఫ్రేములు పడి, ఒక్క అడుగు నాలుగు బీట్ల పొడవునా సాగుతుంది. పాట వేగం ముట్టుకోకపోయినా రెండు బీట్లు సాగుతుంది.

అయితే 240 బీట్లకు మడమ నేలకు ఆనదు, చెయ్యి పూర్తిగా చాచకముందే వెనక్కి వచ్చేస్తుంది. నెమ్మదిగా చూసినప్పుడు ఆ తొందరంతా బయటపడుతుంది. నా మొగ్గు 30 ఫ్రేములకే: పాట 1.25 రెట్లు, అంటే 150 బీట్లు. గెంతు గాల్లో కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది, అడుగు చెడదు. జుట్టు, దుస్తుల అంచు ఎగిరే షాట్లకు 48 వాడుకోండి.

వేగం పెంచిన ఫైలు ముందురోజే తయారుగా ఉండాలి, పేరులోనే వేగం రాయాలి. పాటకు ముందు 8 క్లిక్కులు (బీటుకొక టక్కు శబ్దం) పెట్టండి, మామూలు వేగం ఫైలుకు కూడా. చాలా కెమెరాలు స్లోమోషన్ మోడ్‌లో శబ్దం రికార్డు చెయ్యవు. కాబట్టి ఎనిమిదో క్లిక్కు మీద ఎవరైనా కెమెరాకు కనబడేలా చప్పట్లు కొట్టాలి. ఎడిటింగ్‌లో క్లిప్పును పాటతో కలపడానికి అరచేతులు తాకిన ఫ్రేమే మీ ఆధారం. క్లిప్పును 24గా చదవమని సాఫ్ట్‌వేర్‌కు చెప్పకపోతే అది ఫ్రేములు తీసేసి అసలు వేగంతోనే చూపిస్తుంది.

స్పీకర్‌ను వైరుతో కలిపి, డాన్సర్లకు దగ్గరగా పెట్టండి. 14 మీటర్ల దూరంలోని వెనక వరుసకు పాట దాదాపు ఒక ఫ్రేము ఆలస్యంగా చేరుతుంది.

అభ్యాసం: ఒకే ఎనిమిది కౌంట్లను 24, 30, 48లో తీయండి. మూడు క్లిప్పుల్లోనూ చప్పట్ల ఫ్రేము నుంచి లెక్కపెట్టి, ప్రతి అడుగూ నేలను తాకిన ఫ్రేము నంబరు కాగితం మీద రాయండి. ఎక్కడైనా రెండు ఫ్రేములకు మించి తేడా వస్తే ఎడిటింగ్‌లో సర్దకండి, మళ్లీ తీయండి.