ఆత్మీయ ఎదుగుదలకు సొంత ప్రణాళిక – మూడవ పాఠం: కాగితం మీద పెట్టడం

గత పాఠంలో మిమ్మల్ని మీరు పరీక్షించుకుని, మార్పు రావలసిన ఒక్క విషయాన్ని ఎంచుకోమన్నాం. నాలుగైదు రాసుకున్నవారు ఉంటే ఒకటి ఉంచి మిగిలినవాటి మీద గీత కొట్టేయండి. అన్నీ ఒకేసారి పట్టుకున్నవారు సాధారణంగా ఏదీ పట్టుకోరు. ఈ రోజు ఆ ఒక్కదాని చుట్టూ ఒక పేజీ ప్రణాళిక రాద్దాం.

రాసే ముందు ఒక హెచ్చరిక. ప్రణాళికలు ఎక్కువగా ఉత్సాహం పొంగిన రోజున పుడతాయి, ఒంట్లో బాగోలేని రోజున చస్తాయి. కాబట్టి మీ మంచి రోజును కాదు, మీ పాడు రోజును కళ్లముందు పెట్టుకుని రాయండి.

మొదట వాక్య పఠనం. బైబిల్లోని 66 పుస్తకాల్లో 1189 అధ్యాయాలున్నాయి. ఏడాదిలో ముగించాలంటే రోజుకు మూడుకు పైగా చదవాలి. చాలామంది ఆదికాండము, నిర్గమకాండము హుషారుగా దాటేసి లేవీయకాండము దగ్గర ఆగిపోతారు. అలవాటు లేనివారికి నేను చెప్పేది వేరు: క్రొత్త నిబంధనలో 260 అధ్యాయాలున్నాయి. వారానికి ఐదు చొప్పున చదివితే 52 వారాల్లో సరిగ్గా పూర్తవుతుంది. వారంలో రెండు రోజులు ఖాళీ. వెనకబడినవి చదువుకోవడానికి ఆ రెండు రోజులే ఆసరా.

స్కాట్లాండ్ కాపరి రాబర్ట్ ముర్రే మెక్‌షేన్ 1842లో తన సంఘం కోసం ఒక పఠన పట్టిక తయారు చేశాడు. ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, క్రొత్త నిబంధన, కీర్తనలు రెండుసార్లు పూర్తయ్యే పట్టిక అది. దానివల్ల కలిగే ప్రమాదాలను కూడా ఆయనే ముందుగా రాసి పెట్టాడు: మొక్కుబడిగా చదవడం, నేను చదివేశానన్న స్వనీతి, అజాగ్రత్త, మోయలేని కాడి. పట్టిక ఇచ్చినవాడే దాని లోపాలు చెప్పడం నాకు నచ్చుతుంది. మీ పేజీ అడుగున ఈ నాలుగూ రాసుకోండి.

ప్రార్థన విషయంలో సమయం, చోటు, రెండూ రాయాలి. తెల్లవారుజామే సరైన వేళ అని పట్టుబట్టేవారు మార్కు 1:35 చూపిస్తారు. యేసు చీకటి ఉండగానే లేచి అరణ్య ప్రదేశానికి వెళ్లిన మాట నిజమే. కానీ దానియేలు దినానికి మూడుసార్లు మోకాళ్లూనాడు. ఇస్సాకు సాయంకాలం పొలానికి వెళ్లి ధ్యానించాడు. రాత్రి డ్యూటీ చేసేవారు, పసిబిడ్డ తల్లులు తమకు కుదిరే పావుగంట చూసుకుంటే చాలు. ఫోను మాత్రం వేరే గదిలో ఉండాలి.

అసలు కష్టం నడవడి దగ్గరే. “కోపం తగ్గించుకుంటాను” అన్నది ప్రణాళిక కాదు, కోరిక. ఎప్పుడు, ఎవరి మీద, ఏ మాటకు కోపం వస్తోందో చూడండి. అప్పుడు ఇలా రాయగలుగుతారు: “ఇంట్లో నా తప్పు ఎత్తిచూపినప్పుడు మాట పూర్తయ్యేదాకా వింటాను. గొంతు పెరిగితే ఆ పూటే క్షమాపణ అడుగుతాను.” పక్కన యాకోబు 1:19 (వినడానికి త్వరపడాలి, మాట్లాడడానికీ కోపించడానికీ నిదానించాలి అనే వాక్యం) రాసి ఆ వారంలో కంఠస్థం చేయండి. ఇలా రాస్తే రాత్రి పడుకోబోయే ముందు పాటించానా లేదా అన్నది తేలిపోతుంది. గర్వం, అసూయ, చాడీలు, ఏదైనా ఇదే పద్ధతి.

పేజీ చివర ఒక పేరు ఉండాలి. యాకోబు 5:16 పాపములను ఒకరితో ఒకరు ఒప్పుకొమ్మంటుంది. మిమ్మల్ని ఎప్పుడూ మెచ్చుకునే స్నేహితుణ్ణి వదిలేసి, మొహమాటం లేకుండా అడగగలిగేవారిని, విన్నది కడుపులో దాచుకునేవారిని ఎంచుకోండి. వారానికి ఒకసారి మాట్లాడుకుంటే సరిపోతుంది.

ఇదంతా చేస్తే దేవుని దగ్గర మనకు మార్కులు పడతాయనుకోవద్దు. పౌలు నాటాడు, అపొల్లో నీళ్లు పోశాడు, వృద్ధి కలుగజేసింది దేవుడే అని 1 కొరింథీ 3:6 చెబుతోంది. అలాగని పౌలు నాటడం మానలేదు కదా!

అభ్యాసం: ఈ రాత్రే పేజీ రాయండి. ఏడు రోజులు పాటించండి. తప్పిన రోజు ఎదురుగా కారణం రెండు ముక్కల్లో రాయండి. తప్పినదాన్ని కొట్టేయవద్దు, దిద్దవద్దు. నాలుగవ పాఠంలో ఆ కారణాల మీదే పని చేస్తాం.