రెండు లైపో ప్యాక్‌లు కలిపే ముందు

బెంగళూరు ఎస్పీ రోడ్‌లో సామాను కొని ఈ-సైకిల్‌కి సొంతంగా వైరింగ్ చేసుకునేవాళ్లకి ఒక మాట. రెండు లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ ప్యాక్‌లను ప్యారలల్‌గా, అంటే ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ కలపాలంటే సెల్స్ సంఖ్య ఒకటే ఉండాలి, వోల్టేజీ కూడా సమానంగా ఉండాలి. ముందు మల్టీమీటర్ పెట్టి చూడండి. తేడా ఉంటే ఎక్కువున్న ప్యాక్ నుంచి తక్కువున్నదానికి కరెంటు ఒక్కసారిగా దూకుతుంది, వైర్లు కాలిపోతాయి. విడివిడిగా ఫుల్ ఛార్జ్ చేశాక కలపడం సులువు. ఫుల్ అంటే సెల్‌కి 4.2 వోల్టులు, అంతకు మించొద్దు. అన్ని సెల్స్‌నీ సమానంగా నింపే బ్యాలెన్స్ ఛార్జర్ మీద డబ్బు మిగుల్చుకోవద్దు. ప్లస్ వైరుకి బ్యాటరీ దగ్గరే ఫ్యూజ్ వేయండి. ఉబ్బిన ప్యాక్‌ని అసలు ఛార్జింగే పెట్టొద్దు. పీజీలో ఉండేవాళ్లు మంచం కింద, గుమ్మం పక్కన ఛార్జింగ్ పెట్టి నిద్రపోకండి. అంటుకుంటే బయటికి దారి ఉండదు.