ఉమ్మడి ప్రకృతి సాగుకు గ్రాంటు కోరే విధానం

నెల్లూరు జిల్లాలో ఒక ఊరి రైతులు కలిసి ప్రకృతి సాగుకు మారాలని నిశ్చయించుకున్నప్పుడు, విత్తనాలు, పశువులు, బోరు, గోదాము, శిక్షణ అన్నింటినీ ఒకే దరఖాస్తులో అడగడం మంచిది కాదు. ప్రతి నిధికీ ఒక పరిధి ఉంటుంది కనుక, కలం పట్టకముందే గ్రామ సమాఖ్య (ఊరి మహిళా సంఘాల కూటమి) సమావేశంలో అవసరాలను విడదీసి, ఏ అవసరాన్ని ఏ నిధి తీర్చగలదో తేల్చుకోవాలి.

సాగు ఖర్చుకు రెండు కేంద్ర పథకాలు ముఖ్యమైనవి. పరంపరాగత కృషి వికాస్ యోజనలో 20 హెక్టార్ల క్లస్టరును, అంటే పొలాల సముదాయాన్ని, యూనిట్‌గా తీసుకుని, మూడేళ్లకు హెక్టారుకు 31,500 రూపాయలు కేటాయిస్తారు. అందులో సేంద్రియ ఎరువులు, కషాయాల వంటి వాటికి ఉద్దేశించిన 15,000 రూపాయలు నేరుగా రైతు ఖాతాలో జమ అవుతాయి. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్ 2,481 కోట్ల రూపాయలతో 15,000 క్లస్టర్లను లక్ష్యంగా పెట్టుకుంది. జీవామృతం, కషాయాలు తయారుచేసి అందించే కేంద్రాలకు కూడా అందులో చోటుంది. మన రాష్ట్రంలో ప్రకృతి సాగు, రాష్ట్ర ప్రభుత్వ సంస్థ అయిన రైతు సాధికార సంస్థ ద్వారా, మహిళా సంఘాల సమాఖ్యల ఆధారంగా నడుస్తున్నది కనుక, తొలి అడుగు రైతు సేవా కేంద్రానికీ, మండల వ్యవసాయ అధికారి వద్దకూ వేయాలి. గోదాముకు వ్యవసాయ మౌలిక వసతుల నిధి ఉన్నా, అది 2 కోట్ల రూపాయల వరకు రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ మాత్రమే. దానిని గ్రాంటుగా లెక్కవేసుకుంటే సంఘం అప్పుల్లో పడుతుంది.

కృష్ణపట్నం పరిసరాల్లో పెద్ద పరిశ్రమలున్న జిల్లా కాబట్టి సామాజిక బాధ్యత నిధులనూ ప్రయత్నించాలి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం దాని పరిధిలోకి వచ్చే కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతాన్ని ఇందుకు వెచ్చించాలి, స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యమివ్వాలి. అయితే కంపెనీ తన తరఫున పని చేయించే స్వచ్ఛంద సంస్థకు ఆదాయపు పన్ను మినహాయింపులకు సంబంధించిన 12ఏ, 80జీ నమోదులు, మూడేళ్ల పని అనుభవం ఉండాలి. అవి లేని గ్రామ సమాఖ్య అర్హత గల సంస్థతో కలిసి ప్రతిపాదన పెట్టవచ్చు. అప్పుడు డబ్బుపై నిర్ణయాధికారం ఎవరిదో ఒప్పందంలో రాతపూర్వకంగా ఉండి తీరాలి.

అంచనా వ్యయం పొలం నుంచి పుట్టాలి. ఎకరాకు ఒక విడత ద్రవ జీవామృతానికి 200 లీటర్ల నీరు, 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పు పిండి కావాలి. 20 హెక్టార్లంటే సుమారు 50 ఎకరాలు. అంటే ఒక్కో విడతకు 500 కిలోల పేడ, వంద కిలోల బెల్లం, వంద కిలోల పిండి అవసరమవుతాయి. ఇందుకు 50 డ్రమ్ములు అడగనక్కర లేదు. మిశ్రమం పులియడానికి రెండు రోజులు చాలు కాబట్టి, వంతుల వారీగా తయారుచేసుకుంటే పది డ్రమ్ములతో పని జరుగుతుంది. ఊరిలో ఎన్ని ఆవులున్నాయో లెక్కించి, పేడ చాలుతుందో లేదో కూడా రాయాలి. ఇలాంటి లెక్క చదివిన అధికారికి, ఈ సంఘం పని తెలిసి అడుగుతున్నదన్న నమ్మకం కలుగుతుంది. రైతులు తమవంతుగా ఇచ్చే పేడ, శ్రమ విలువను సంఘం వాటాగా చూపాలి.

ఈ జిల్లాకు వానలు ప్రధానంగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. ఉదయగిరి వైపు మెట్ట రైతుకు ఆ అదను తప్పితే ఆ ఏటి సాగే పోతుంది. అందుచేత మొదటి విడత డబ్బును ఋతువుతో సంబంధం లేని శిక్షణకు, కషాయాల కేంద్రానికి కేటాయించి, విత్తన ఖర్చును ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో చూపడం క్షేమం.

కౌలు రైతుల విషయంలో మరింత శ్రద్ధ అవసరం. పెన్నా డెల్టాలో భూమి ఒకరిది, సాగు మరొకరిది అయిన పొలాలు ఎన్నో ఉన్నాయి. పట్టాదారు పాసు పుస్తకం ఆధారంగానే జాబితా తయారుచేస్తే, మట్టిని బాగుచేసే మనిషి పథకానికి వెలుపలే మిగిలిపోతాడు, ఇది అన్యాయం. 2019 నాటి ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం యజమాని అంగీకారంతో ఇచ్చే పంట సాగుదారు హక్కు పత్రం 11 నెలలు చెల్లుతుంది. దానిని ముందుగా ఇప్పించి, ఈ-పంటలో (రాష్ట్ర ప్రభుత్వ పంటల నమోదులో) సాగుదారు పేరే నమోదయ్యేలా చూసుకోవాలి.

చివరగా సమాఖ్య తీర్మానం నకలు, బ్యాంకు ఖాతా వివరాలు, ఆడిట్ నివేదిక, సర్వే నంబర్లతో సభ్యుల జాబితా జతచేయాలి. నిధి మంజూరైన రోజు నుంచే ప్రతి బిల్లునూ పని వారీగా దాచి, నెలవారీ సమావేశంలో ఖర్చు చదివి సంతకాలు తీసుకుంటే, రెండో విడతకు అవసరమైన, మొదటి విడత డబ్బు ఎలా ఖర్చయిందో చూపే వినియోగ ధ్రువపత్రం సకాలంలో సమర్పించడం సులభమవుతుంది.