తిరుపతిలో జర్మనీ క్రిస్మస్ బిస్కెట్లు: గుడ్డు లేని లేబ్‌కూఖెన్ ఇంట్లో చేసుకునేది ఎట్ల

డిసెంబర్ వస్తే మన బేకరీల్లో ఎక్కడ చూసినా ప్లమ్ కేకే. జర్మనీలో మాత్రం పండగ ముందు నెలంతా ఇళ్లల్లో బిస్కెట్ల హడావిడే, అదీ ఘాటుగా మసాలాలు పడిన బిస్కెట్లు. నక్షత్రాల ఆకారంలో బాదం, దాల్చినచెక్కతో చేసే త్సిమ్ట్‌స్టెర్నె, గుండ్రంగా పంచదార పూత వేసిన ఫెఫర్‌న్యూసె, అచ్చుల్లో ఒత్తే స్పెకులాట్సియుస్, ఇట్ల చాలా ఉన్నాయి గానీ అన్నిట్లోకి పేరున్నది లేబ్‌కూఖెన్. తేనె, మసాలాలు, బాదం వేసి మెత్తగా చేసేది. జర్మన్ వంట అనగానే మనకెందుకులే అనుకుంటారు చాలామంది, తీరా చూస్తే ఇందులో పడే మసాలాలన్నీ బిర్యానీకో గరం మసాలాకో మనింట్లో ఉండేవే. చేసేది సులభం, చేసినాక నాలుగైదు రోజులు ముట్టుకోకుండా డబ్బాలో దాచేదే కష్టం.

ఈ మసాలాలు వాళ్లకి ఎట్ల అలవాటయ్యాయంటే, న్యూరెంబర్గ్ ఊరు పాత వ్యాపార దారులు కలిసే చోట ఉండేది, మన మలబారు తీరం నుంచి పోయిన మిరియాలు, యాలకులు వెనిస్ మీదుగా ఆడికి చేరేవి. ఊరి చుట్టూ పెద్ద అడవి, అందులో తేనె తీసేవాళ్లు. ఇంకేం, తేనె ఒకపక్క, మసాలా ఒకపక్క. 1643 కల్లా ఈ బిస్కెట్లు చేసేవాళ్లకి ఆ ఊళ్లో సొంత సంఘం కూడా ఏర్పడింది. ఇప్పుడు న్యూరెంబర్గ్ లేబ్‌కూఖెన్ అనే పేరుకి యూరప్‌లో భౌగోళిక గుర్తింపు ఉంది, అంటే ఆ ఊళ్లో చేసినదాన్నే ఆ పేరుతో అమ్మాల.

ముందుగా తెలుసుకోవాల్సింది, ఇందులో రెండు రకాలు. ఖరీదైనది ఎలీజెన్, దాంట్లో బాదం, హేజెల్‌నట్, వాల్‌నట్ లాంటి గింజలు కనీసం 25 శాతం ఉండాల, పిండి 10 శాతం దాటకూడదు, అది జర్మనీలో రూలు. గుడ్లతో కలిపి పల్చటి అప్పడం లాంటి వేఫర్ మీద పెట్టి కాలుస్తారు. రెండోది బ్రౌన్ రకం, తేనె, పిండి, మసాలాలు, దీనికి గుడ్డు అక్కర్లేకుండానే పాతకాలం నుంచి చేస్తారు. మన తిరుపతిలో గుడ్డు ముట్టని ఇళ్లు ఎక్కువ కాబట్టి ఈ రెండోదే చెప్తాను, ఎవరింటికైనా ధైర్యంగా పంచొచ్చు.

మసాలా పొడి ముందు. దాల్చినచెక్క పొడి 3 టీస్పూన్లు, లవంగాల పొడి ముప్పావు, ధనియాల పొడి, యాలకుల పొడి, సొంఠి పొడి, అనాసపువ్వు పొడి తలా అర టీస్పూన్, జాజికాయ, జాపత్రి పావు పావు. ధనియాలు ఏందబ్బా తీపిలో అంటారేమో, వేసి చూడండి, నిమ్మపండు లాంటి ఒక సువాసన ఇస్తాది, కాకపోతే వేయించకూడదు, వేయిస్తే సాంబారు వాసనొస్తాది. మిక్సీ జారు కూడా కారం పట్టే జారు కాకుండా వేరేది వాడండి, లేదంటే ముందు గుప్పెడు బియ్యం పొడి చేసి పారేసి తుడవండి. మనూర్లో పచ్చకర్పూరం ఏ పూజసామాన్ల అంగట్లో అయినా దొరుకుతాది కదా, చిటికెడు వేద్దామనిపిస్తాది, వద్దు, మిగతా మసాలాలన్నిటినీ మింగేస్తాది.

దాల్చినచెక్క గురించి ఒక మాట. మన అంగళ్లలో మందంగా చెట్టు బెరడులా ఉండేది ఎక్కువగా కాసియా, ఘాటు బాగుంటాది గానీ అందులో కూమరిన్ అనే పదార్థం ఎక్కువ, అతిగా తింటే లివర్‌కి మంచిది కాదు. 2006లో జర్మనీలోనే ఈ దాల్చిన బిస్కెట్ల మీద హెచ్చరిక ఇచ్చారు, ముఖ్యంగా చిన్నపిల్లల కోసం. ఒకటి రెండు తింటే ఏమీ కాదు, కానీ పిల్లలు నెలంతా తినే ఇల్లయితే పల్చటి పొరలు పొరలుగా చుట్టుకుని ఉండే సిలోన్ రకం కొనండి, రేటు ఎక్కువే, చేసేది సంవత్సరానికి ఒకసారే కదా.

ఇప్పుడు పిండి. చిత్తూరు బెల్లం 100 గ్రాములు నాలుగు స్పూన్ల (ఉత్త స్పూన్ అంటే టేబుల్‌స్పూన్) నీళ్లలో కరిగించి వడకట్టండి, ఎందుకంటే ఎంత మంచి బెల్లమైనా అడుగున ఇసుక ఉంటాది. అందులో తేనె 250 గ్రాములు, వెన్న 50 గ్రాములు వేసి సన్న సెగ మీద కరిగేదాకా కలపండి, మరగనివ్వొద్దు. దించి గోరువెచ్చగా అయ్యాక మైదా 400 గ్రాములు, బాదం పొడి 100 గ్రాములు, కోకో ఒక స్పూన్, మసాలా పొడి 4 టీస్పూన్లు, చిటికెడు ఉప్పు కలిపేయండి (ఉప్పు వెన్న అయితే మళ్లీ ఉప్పు వద్దు). మిగిలిన మసాలా టీలో వేసుకోండి, బ్రహ్మాండంగా ఉంటాది. బాదం ఖరీదు అనుకుంటే సగం జీడిపప్పు పొడి వేయొచ్చు, మన జిల్లాలో శనక్కాయలకి లోటు లేదు గానీ అవి మాత్రం వద్దు, తింటుంటే చిక్కీ గుర్తొస్తాది. కమలా తొక్కలు సన్నగా తరిగి రెండుసార్లు నీళ్లలో ఉడికించి పారబోసి, తర్వాత పంచదార పాకంలో దగ్గరకి ఉడికించి గుప్పెడు కలిపితే ఇంకా మంచిది. చీనీకాయ తొక్కలు చేదు, దాని జోలికి పోవద్దు. అంత ఓపిక లేకపోతే టూటీఫ్రూటీ వేసుకోండి, రంగు తప్ప రుచేమీ రాదు అది వేరే సంగతి.

పిండి చేతులకి జిగురుగా అంటుకుంటాది, భయపడి ఇంకా మైదా కలపకండి. మూత పెట్టి రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి అదే గట్టిపడతాది. గుడ్డు, పాలు లేవు కాబట్టి డిసెంబర్ చలికి బయటే పెట్టొచ్చు, జర్మనీలో పాతకాలపు బేకర్లు ఈ తేనె పిండిని వారాలు, నెలల తరబడి నిలవ పెట్టేవాళ్లు. పొద్దున ఒక టీస్పూన్ సోడా ఉప్పు ఒక స్పూన్ నీళ్లలో కరిగించి పిండిలో బాగా పిసకండి. వాళ్లు దీనికి పొటాష్, అమ్మోనియా ఉప్పు వాడతారు, మనకి సోడా చాలు, తేనె, బెల్లంలో ఉండే కొద్దిపాటి పులుపుకి అదే పొంగుతాది. సోడా రాత్రే వేస్తే పొద్దుటికి దాని బలం సగం పోతాది.

ముప్పావు సెంటీమీటర్ మందాన ఒత్తి, గ్లాసు మూతితోనో కట్టర్‌తోనో కోసి, బటర్ పేపర్ మీద దూరం దూరంగా పెట్టి 170 డిగ్రీల్లో 12 నిమిషాలు. ఓటీజీ (కరెంటు ఓవెన్) ముందుగా వేడి చేయాల. అంచులు గట్టిపడి మధ్యలో వేలు పెడితే ఇంకా మెత్తగా ఉన్నప్పుడే తీసేయండి, కాలలేదేమో అని ఇంకో ఐదు నిమిషాలు పెట్టారంటే అయిపోయింది, అది ఇంక కుక్కకి కూడా పనికిరాదు. ఓవెన్ లేనోళ్లు పాత కుక్కర్లో ఉప్పు పోసి స్టాండ్ పెట్టి, గ్యాస్కెట్, విజిల్ తీసేసి చేయొచ్చు, సన్న సెగ మీద పావుగంట పైనే పడతాది. ఆరినాక పంచదార పొడి 100 గ్రాములు రెండు స్పూన్ల నిమ్మరసంతో కలిపి పైన పూయండి, కావాలంటే మధ్యలో సగం బాదం.

రుచి చూసి పళ్లకి గట్టిగా తగిలాయని తిట్టుకోకండి. గాలి చొరబడని స్టీలు డబ్బాలో పెట్టి, చిన్న గిన్నెలో ఆపిల్ ముక్క ఒకటి లోపల ఉంచండి, ఆ తేమకి మెత్తబడతాయి. నాలుగైదు రోజులకి మసాలాలు కూడా సర్దుకుంటాయి, లవంగం ఘాటు తగ్గి తేనె ముందుకొస్తాది. ఆపిల్ ముక్క మాత్రం రోజూ మార్చాల, మనకి డిసెంబర్లో తుఫాన్లు తగిలితే గాలంతా తడే, బూజు పడతాది. వానలు పట్టిన వారం అయితే ఆపిల్ పెట్టనే వద్దు, ఆ గాలి తేమే చాలు.

పండగలాగా చేయాలనుకుంటే క్రిస్మస్‌కి ముందు నాలుగు ఆదివారాలు వాళ్లకి ఆడ్వెంట్, ఆదివారానికో కొవ్వొత్తి వెలిగిస్తారు, అప్పుడు ఈ బిస్కెట్లు కాఫీతో తింటారు. డిసెంబర్ 5 రాత్రి పిల్లలు బూట్లు తుడిచి బయట పెడితే పొద్దున నికొలాస్ తాత అందులో బిస్కెట్లు, గింజలు, కమలాలు వేసి పోతాడు. మన పిల్లలకి ఇది భలే నచ్చుతాది, బూట్లలో తినేదేంటి అని అవ్వ గొడవ చేస్తే పళ్లెంలో పెట్టండి, క్రిస్మస్‌కి వాళ్లు కూడా పళ్లెం నిండా రకరకాలు సర్ది పెడతారు. 16 తర్వాత ధనుర్మాసం, తెల్లారుజామున చలి, ఆ టైంలో ఫిల్టర్ కాఫీతో ఒక్కటి తిని చూడండి. సామాన్లు మాత్రం నెల మొదట్లోనే తెచ్చుకోండి, వైకుంఠ ఏకాదశి దగ్గరపడితే ఊళ్లో బండి కదలదు.

బెంగళూరులోనో మద్రాసులోనో ఉండే పిల్లలకి కొరియర్ చేసేటట్టుంటే పూత వేయకుండా పంపండి, రెండు వరసల మధ్య బటర్ పేపర్ వేసి డబ్బా నిండుగా సర్దండి, నిమ్మరసం పూత వాళ్లే ఆడ పూసుకుంటారు.