మూత బిగించినా ఆగని పల్సులు: నానోవైర్ డిటెక్టర్‌లో సమస్య - పరిష్కారం

సమస్య: నయోబియం నైట్రైడ్ నానోవైర్ ఫోటాన్ డిటెక్టర్ (ఒక్కో కాంతి కణానికి ఒక్కో పల్సు ఇచ్చే సన్నని సూపర్‌కండక్టర్ తీగ). ఫైబర్‌కు మూత బిగించినా కౌంటర్ సెకనుకు 4 కోట్లకు పైగా చూపిస్తోంది. బయాస్ (తీగకు ఇచ్చే స్థిరమైన కరెంట్) పెంచితే ఇంకా ఎగబాకుతోంది.

వెలుతురు ఎక్కడో దూరుతోందని క్రయోస్టాట్ (చిప్‌ను చల్లగా ఉంచే పరికరం) విప్పేయకండి. ముందు ఓసిలోస్కోప్‌లో పల్సుల మధ్య వ్యవధికి హిస్టోగ్రామ్ తీయండి. డార్క్ కౌంట్లయితే (వెలుతురు లేకుండానే అడపాదడపా వచ్చే పల్సులు) వ్యవధులు చిన్నా పెద్దా కలగలిసి ఉంటాయి. దువ్వెన పళ్లలా ఒకే ఎడంతో వస్తుంటే అది రిలాక్సేషన్ ఆసిలేషన్.

కారణం: తీగలో ఒకచోట సూపర్‌కండక్టివిటీ (నిరోధం లేని స్థితి) పోగానే అక్కడ కిలో ఓమ్స్‌లో నిరోధం పుడుతుంది. కరెంట్ 50 ఓమ్స్ లోడ్‌లోకి మళ్లుతుంది, తీగ చల్లబడుతుంది, కరెంట్ తిరిగొస్తుంది. బయాస్ స్విచింగ్ కరెంట్‌ను (తీగ సూపర్‌కండక్టివిటీ కోల్పోయే హద్దు) దాటి ఉంటే, ఆ హద్దు తాకగానే మళ్లీ అదే కథ. (డీసీ కూడా 50 ఓమ్స్ షంట్ (తీగకు పక్కదారిగా పెట్టే నిరోధం) గుండా పోయే అమరికలోనే ఇది నిలకడగా సాగుతుంది.) కైనెటిక్ ఇండక్టెన్స్ (కరెంట్ మార్పును నెమ్మదింపజేసే తీగ గుణం) 500 నానో హెన్రీలైతే, దాన్ని 50 ఓమ్స్‌తో భాగిస్తే 10 నానో సెకన్లు; కరెంట్ తిరిగొచ్చే వేగాన్ని నిర్ణయించేది ఇదే. స్విచింగ్ కరెంట్ 20 మైక్రో ఆంపియర్లు, బయాస్ 22 అయితే సుమారు 24 నానో సెకన్లకో పల్సు. బయాస్ 25కి పెంచితే 16కే. ఎడం ఇలా తగ్గడమే దీని గుర్తు. పల్సు వెనక ఒకే తోక కనిపించి, బయాస్ మార్చినా దాని దూరం కదలకపోతే అది కేబుల్ ప్రతిధ్వని. మీటరు కేబుల్‌కు రానూపోనూ దాదాపు 10 నానో సెకన్లు. దానికి యాంప్లిఫయర్ ముందు 3 డీబీ అటెన్యుయేటర్ (సిగ్నల్‌ను తగ్గించే భాగం) పెట్టండి.

పరిష్కారం: ఇప్పుడున్న స్విచింగ్ కరెంట్‌ను మళ్లీ కొలిచి, బయాస్‌ను అందులో 90 శాతానికి దించండి. నిన్నటి అంకెను నమ్మొద్దు. చిప్ 2.5 కెల్విన్ నుంచి 3.5కి వేడెక్కినా చాలు, హద్దు దిగిపోతుంది. చిప్ బిగింపు, థర్మామీటర్ చూడండి. పల్సుల గుంపులు 20 మిల్లీ సెకన్లకోసారి వస్తుంటే తప్పు చిప్‌ది కాదు, 50 హెర్ట్జ్ గ్రౌండ్ లూప్‌ది. బయాస్‌ను బ్యాటరీ మీద నడిపి చూడండి.

సమస్య: ఉన్నట్టుండి పల్సులు మాయం, బయాస్ టీ (డీసీ బయాస్‌నూ పల్సులనూ వేరుచేసే భాగం) డీసీ పోర్టులో మాత్రం వందల మిల్లీ వోల్టులు.

ఇది లాచింగ్. వేడి మచ్చ (తీగలో సూపర్‌కండక్టివిటీ పోయిన చోటు) చల్లారకముందే కరెంట్ తిరిగొచ్చి, మచ్చ అక్కడే నిలిచిపోయింది. బయాస్ పెంచితే లాభం లేదు; సున్నాకి దించి మళ్లీ మెల్లగా ఎక్కించండి. ఎక్కువ కౌంట్ల దగ్గరే ఇలా జరుగుతుంటే యాంప్లిఫయర్ కప్లింగ్ కెపాసిటర్ చార్జ్ అవుతూ బయాస్‌ను జరుపుతోంది. డీసీ షంట్ కలపండి. వేగం కోసం లోడ్ నిరోధం పెంచి ఉంటే 50 ఓమ్స్‌కే తీసుకురండి, లేదా చిప్ పక్కనే 1 మైక్రో హెన్రీ కాయిల్ సిరీస్‌లో వేయండి. రికవరీ 30 నానో సెకన్లకు సాగుతుంది, వేగం ఆ మేరకు తగ్గుతుంది. ఫెర్రైట్ కోర్ మాత్రం వద్దు, ఆ చలిలో దాని ఇండక్టెన్స్ పడిపోతుంది. ఎయిర్ కోర్ వాడండి.