బరువు తగ్గే పాఠాలు – 3: అన్నం మానొద్దు, తూచండి

గత పాఠంలో నడుము కొలత తీయడం, వారానికోసారి పొద్దున్నే పరగడుపున బరువు చూసి రాసుకోవడం నేర్చుకున్నాం. ఈసారి వంటింట్లోకి వెళ్దాం. గ్రాముల్లో చూపించే చిన్న కాటా ఒకటి, టీస్పూను ఒకటి ఉంటే చాలు.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, 18 ఏళ్లలోపు వాళ్లు ఈ పాఠం పాటించొద్దు. షుగరుకు ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లు ముందు డాక్టరుతో మాట్లాడాలి. అన్నం తగ్గి మందు మోతాదు అంతే ఉంటే షుగరు పడిపోయి చెమటలు పడతాయి, కళ్లు తిరుగుతాయి.

మన భోజనంలో అన్నం ఒక్కసారి వడ్డించుకునేది కాదు. పప్పుకు కొంత, కూరకు కొంత, చారుకు కొంత, చివర పెరుగుకు ఇంకొంత. ప్రతిసారీ కొంచెమే అనిపిస్తుంది, మొత్తం ఎంతయిందో ఎవరికీ గుర్తుండదు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. అందుకే మొదటి మూడు రోజులు ఏమీ తగ్గించకండి. ఎప్పటిలాగే తింటూ, వడ్డించుకున్న ప్రతిసారీ కంచం కాటా మీద పెట్టి పెరిగిన తూకం రాయండి.

అన్నం తూకంతోనే సరిపెట్టుకుంటే లెక్క తప్పుతుంది. నీళ్లు ఎక్కువ పోసి మెత్తగా వండితే అవే బియ్యం ఎక్కువ తూగుతాయి. కాబట్టి బియ్యంలోకి మార్చుకోవాలి. ఖాళీ గిన్నె తూకం ముందే రాసిపెట్టుకోండి. 300 గ్రాముల బియ్యం వండారనుకుందాం. ఉడికాక గిన్నె తూకం తీసేస్తే అన్నం 780 గ్రాములు వచ్చింది. 780ని 300తో భాగిస్తే 2.6. అంటే మీరు ఒక పూట తిన్న 312 గ్రాముల అన్నం 120 గ్రాముల బియ్యం. రోజూ అదే గిన్నెలో అవే నీళ్లతో వండితే ఈ అంకె పెద్దగా మారదు. బియ్యం రకం మారితే మళ్లీ తూచండి. కాటా లేని రోజు రైస్‌కుక్కర్‌తో వచ్చే 180 మి.లీ. కప్పు వాడండి, తల కొడితే దాదాపు 150 గ్రాముల బియ్యం పడతాయి.

నాలుగో రోజు నుంచి మూడో వంతు తగ్గించండి. పూటకు 120 గ్రాముల బియ్యం తినేవాళ్లకు 80, అంటే 208 గ్రాముల అన్నం. ఈ మొత్తాన్నీ ముందే కంచంలో ఒక పక్కన పెట్టుకుని మూడు భాగాలు చేయండి. మారు వడ్డన ఉండదు. చాలదనిపించేది చారు దగ్గరే, ఎందుకంటే చారు పలచన, అన్నం ఎంత కలిపినా తేలిపోతుంది. చారును గ్లాసులో పోసుకుని తాగేసి, ఆ భాగాన్ని పెరుగుకు ఉంచుకోండి. ఖాళీ అయిన చోటును కూరతో నింపండి: సొరకాయ, బీరకాయ, తోటకూర, ఏదైనా సరే, వేపుడు కానంతవరకు.

అన్నం మానేసి చపాతీ తింటే తగ్గుతామన్నది మనవాళ్లలో బాగా పాతుకుపోయిన భ్రమ. 100 గ్రాముల బియ్యంలో సుమారు 350 క్యాలరీలుంటే, 100 గ్రాముల గోధుమపిండిలో 320 నుంచి 340. పీచు ఎక్కువన్న మాట నిజమే. కానీ మూడు చపాతీలకు అంత పిండీ పడుతుంది, పైన నూనె వేరే.

నూనెకు కాటా అక్కర్లేదు, ప్యాకెట్ మీద తెరిచిన తేదీ రాయండి. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు. నలుగురున్న ఇంట్లో అది పది రోజులకు అయిపోతే మనిషికి రోజుకు 23 గ్రాములు, గ్రాముకు 9 క్యాలరీల చొప్పున సుమారు 205 క్యాలరీలు. 14 రోజులు వస్తే 145. పోపులోకి ప్యాకెట్ వంచి పోయడం మానేసి టీస్పూనుతో వేస్తే ఈ తేడా దానంతటదే వస్తుంది. ఆవకాయ మీద తేలే నూనె, ముద్దపప్పులో నెయ్యి కూడా ఈ పద్దులోవే. టీస్పూను నెయ్యి 45 క్యాలరీల దాకా ఉంటుంది.

ఇప్పుడు కూడండి. పూటకు 40 గ్రాముల బియ్యం తగ్గితే 140, రెండు పూటలకు 280, నూనెలో 60. రోజుకు 340 క్యాలరీలు. కిలో ఒంటి కొవ్వుకు సుమారు 7,700 క్యాలరీలు అనే లెక్కన వారానికి 300 గ్రాములు. ఇంతేనా అనకండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు కూడా వారానికి అరకిలోనే క్షేమమంటాయి, రోజు తిండి వెయ్యి క్యాలరీల కంటే దిగకూడదంటాయి. హడావిడిగా తగ్గితే కండ కరుగుతుంది, పిత్తాశయంలో రాళ్లు పడే అవకాశమూ పెరుగుతుంది.

మొదటి వారంలోనే కిలోన్నర తగ్గితే సంబరపడకండి. ఒంట్లో నిల్వ ఉన్న గ్లైకోజెన్ (తిన్న పిండిపదార్థం దాచుకునే రూపం) గ్రాముకు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. తిండి తగ్గగానే ముందు పోయేది అదే. అలాగే ఆవకాయ గట్టిగా తిన్న మర్నాడు కాటా ముప్పావు కిలో ఎక్కువ చూపిస్తే అది ఉప్పు పట్టి ఉంచిన నీరే. రెండు రోజులాగి చూడండి.

సాయంత్రం అయిదింటికి మిర్చిబజ్జీ బండి దగ్గర కాళ్లు ఆగిపోతున్నాయంటే మధ్యాహ్నం మరీ ఎక్కువ కోసేశారన్నమాట. 80ని 95 చేసుకోండి.

ఈ వారం రాయాల్సినవి: మీ ఇంటి బియ్యం–అన్నం అంకె, పూటపూటకూ తిన్న అన్నం, నూనె ప్యాకెట్ తేదీ. వచ్చే పాఠంలో తగ్గించిన అన్నం స్థానంలో పప్పు, గుడ్డు, పెరుగు ఎంతెంతో చూద్దాం.